ఇద్దరూ ఉపవాసం ఉన్న సోమవారం

నేను పలాసలో జీడిపప్పు కొరికి బతికాను. మామూలు మనుషులు డబ్బిచ్చి తింటారు. నాకు కొరికినందుకు జీతం ఇచ్చేవారు.

నాలుగో తరగతి వరకు చదివాను. ఐదో తరగతికి పక్క ఊరు నడిచి వెళ్లాలి, చెప్పులు కొనాలి అన్నారు. చెప్పుల ఖర్చు మిగిలిందని మా నాన్న సంతోషించాడు, నేనూ సంతోషించాను. అప్పటికి నాకు చదువంటే ఏమిటో తెలియదు గానీ ఖర్చంటే తెలుసు.

ఈమధ్య మా మనవరాలు హారిక ఏదో పెద్ద చదువులో చేరదామని దరఖాస్తు తెచ్చింది. అందులో వృత్తి అనుభవం ఎంత అని అడిగారు. దానికి ఉన్నది కొంచెం, ఆ కొంచెం రాయడానికి ఇచ్చిన చోటు పెద్దది. నా దగ్గర బోలెడుంది, నన్నెవరూ అడగలేదు. అడగకుండా చెప్పే అలవాటు నాకు లేదు. అయినా ఉన్నది ఊరికే పాడైపోతుందని రాస్తున్నాను. పాత చీరనైనా నేను పారేయను.

కొత్తగా పనిలో చేరే పిల్లలకు ఇది. జీడి పనిలో చేరినా సరే, ఏసీ గదిలో చేరినా సరే. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు మెచ్చుకున్నారు అన్నవి ఇందులో ఉండవు. జీతం పెరిగినట్టు నాకు గుర్తు లేదు. పని మానేసిన రోజు ఒక శాలువా కప్పారు. అది పలచటిది. దానికి అడుగున పాత చీర వేసి బొంత కుట్టాను, ఇప్పటికీ వాడుతున్నాం.

పొట్టు గది

జీడిపప్పు చెట్టుకి తెల్లగా కాయదు. ఈ మాట చెప్పాల్సి వస్తుందని నేననుకోలేదు, కానీ మా హారిక స్నేహితురాలు ఒకమ్మాయి అలాగే అనుకుంది. జీడి పిక్కను ఉడికించాలి. కొట్టి పప్పు తీయాలి. కొట్టేవాళ్ల చేతులు జీడి రసానికి కాలిపోతాయని బూడిద రాసుకునేవారు. ఆ పప్పును వేడి గదిలో ఆరబెట్టాలి. ఆరాక పొట్టు తీయాలి. తర్వాత గుండ్లు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరు చేయాలి. అప్పుడు డబ్బాల్లో పోసి మూత బిగించాలి. ఈ వరుస మారితే పప్పు ఉండదు, నూక ఉంటుంది.

నేను పొట్టు గదిలో చేరాను. పప్పు విరగకుండా పొట్టు రావాలి. విరగనిది గుండు, విరిగితే బద్ద. గుండుకీ బద్దకీ రుచిలో తేడా లేదు, ధరలో ఉంది. లోకం తీరు నాకు మొదట అక్కడ అర్థమైంది.

మా షావుకారు గారు మంచివాడు. అంటే అరిచేవాడు కాదు. గుండు విరిగిన చప్పుడు వినపడితే తన వేలి ఎముక విరిగినట్టు మొహం పెట్టి, ఏమీ అనకుండా అక్కడే నిలబడేవాడు. తిట్టినా బాగుండేదనిపించేది. ఆయన వరండాలో ఉన్నంతసేపూ మా వరుసలో దగ్గు కూడా వినపడేది కాదు. కొత్తవాళ్లకు నా మొదటి మాట ఇదే. మీ పైవాడికి ఏ చప్పుడు నొప్పి పెడుతుందో ముందు కనిపెట్టండి. ఆయన గోడకు తగిలించిన నీతివాక్యాలు తర్వాత చదువుకోవచ్చు.

కొరికే మేస్త్రులు

రోజంతా చేతుల నిండా జీడిపప్పు. నోట్లో వేసుకుంటే కూలి కోత. ఆ ఫ్యాక్టరీ మొత్తంలో పప్పును నోట్లో పెట్టుకునే హక్కు ఇద్దరికే ఉండేది. ఒకరు గ్రేడింగు గది చూసే బంగారమ్మ గారు. రెండోవారు డబ్బాల గది చూసే ప్రకాశం గారు.

పప్పులో తడి ఉంటే డబ్బాలో బూజు పడుతుంది. తడి ఉందో లేదో పన్నుకి తెలిసినంతగా చేతికి తెలియదు. ముందరి పళ్ల మధ్య ఒక గుండు పెట్టి కొరికితే పటుక్కున చప్పుడు రావాలి. వస్తే ‘పలికింది’ అనేవాళ్లం. మెత్తగా దిగిపోతే ‘పలకలేదు’ అనేవాళ్లం. పలకని సరుకు మళ్లీ వేడి గదికి పోవాల్సిందే.

బంగారమ్మ గారు కొరికి, పలికింది అంటే సరుకు డబ్బాల గదికి వెళ్లేది. అక్కడ ప్రకాశం గారు ఇంకోసారి కొరికి, పలికింది అంటే మూత పడేది. ఒకరు తప్పితే ఇంకొకరు పట్టుకుంటారని షావుకారు గారి ఏర్పాటు. బయట ఊళ్ల నుంచి ఎవరొచ్చినా ఈ ఇద్దరినీ చూపించి, మా సరుకుకి రెండు కాపలాలు అని చెప్పుకునేవాడు.

బంగారమ్మ గారు బొట్టు పెద్దది పెట్టుకుని వచ్చేది. ప్రకాశం గారు మా ఊరి బాప్టిస్టు చర్చిలో పెద్ద. ఇద్దరికీ పడదని బయటివాళ్లు అనుకునేవారు. పడకపోవడం కాదు, మరీ ఎక్కువ నమ్మకం. ఆమె కొరికిందంటే ఆయనకు అది బైబిలు వాక్యం. ఆయన మూత వేశాడంటే ఆమెకు అది ప్రసాదం.

ఆ సోమవారం

కార్తీక మాసం. తుఫాను వస్తోందని రేడియోలో రెండు రోజులుగా చెబుతున్నారు. గాలి తడిగా ఉంది, ఆరేసిన చీర సాయంత్రానికి కూడా ఆరలేదు. క్రిస్మస్ కేకుల కోసం కలకత్తా నుంచి పెద్ద ఆర్డరు. ఆ సోమవారం సాయంత్రానికి లారీ ఎక్కాలి.

కార్తీక సోమవారం కాబట్టి బంగారమ్మ గారు ఉపవాసం. నక్షత్రం కనపడేదాకా నోట్లో నీళ్లు కూడా పోయదు. కొరికితే ఉపవాసం పోయినట్టే. అయినా ఆమెకు దిగులేమీ లేదు. అవతల ప్రకాశం గారు ఉన్నారు, క్రైస్తవుడు, ఆయనకు సోమవారం అడ్డం లేదు.

ప్రకాశం గారి చర్చిలో తుఫాను తప్పిపోవాలని పాస్టరు గారు ఆ రోజే ఉపవాస ప్రార్థన పెట్టారు. పెద్ద కాబట్టి ఆయన ఉపవాసం ఉన్నారు. ఆయనకూ దిగులేమీ లేదు. ఇవతల బంగారమ్మ గారు కొరికి పంపిన సరుకే కదా.

నేనప్పటికి పొట్టు గది నుంచి గ్రేడింగు వరుసకి మారాను. పప్పు ఆరిన పప్పులా గలగలమనడం లేదని మా వరుసలో అందరికీ తెలుసు. చెప్పడం మా పని అని ఎవరికీ అనిపించలేదు. చెప్పడానికి పెద్దవాళ్లు ఇద్దరున్నారు.

సరుకు వెళ్లింది. తుఫాను ఒడిశా వైపు మళ్లింది. శివుడు కాపాడాడని బంగారమ్మ గారు, ప్రార్థన ఆలకించబడిందని ప్రకాశం గారు, ఎవరికి వారు చెప్పుకున్నారు. కలకత్తాలో డబ్బాలు తెరిస్తే బూజు వాసన వచ్చిందని కబురొచ్చినప్పుడు మాత్రం అది మా వల్లే జరిగిందని ఏ పక్షమూ చెప్పుకోలేదు.

షావుకారు గారు ఇద్దరినీ వరండాలోకి పిలిచాడు. మేమంతా తలలు దించుకుని చెవులు ఎత్తాం.

“బంగారమ్మా, నువ్వు కొరికినావా?”

“సోమారం కదండీ. పెకాశం గారు కొరుకుతారు కదాని పంపించీసినాను.”

“నువ్వేటి పెకాశం?”

“ఉపాస పార్థనండి. ఆమె కొరక్కుండా పంపుతాదని నానేల అనుకుంతానండి? మూతలేయించీసినాను.”

షావుకారు గారు గుండు విరిగినప్పటి మొహమే పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

“ఇద్దరిని ఎట్టినాను. అదే నాను సేసిన తప్పు. ఒక్కలే ఉంటే ఆ ఒక్కలికీ బయిమైనా ఉండేది.”

నేను చదివిన పెద్ద చదువు ఇదొక్కటే. వరండాలో నిలబడి మా షావుకారు గారు చెప్పిన మాట. దీనికి పరీక్ష లేదు, సర్టిఫికెట్టు లేదు.

ఉపవాసం ఉండని మనిషి

తర్వాతి వారం ఆయన గ్రేడింగు గదిలోకి వచ్చి, మీలో ఉపవాసాలు ఉండనివాళ్లు ఎవరని అడిగాడు. గది నిండా ఆడవాళ్లం. సగం మంది ఏ ఉపవాసమూ ఉండరని నాకు తెలుసు, కానీ ఒక్కరూ తల ఎత్తలేదు. నేను చెయ్యెత్తాను.

బంగారమ్మ గారికి కోపం వచ్చింది. “దేవుడంటే బయిం లేదేటే నీకు?” అంది.

“ఉన్నాదక్కా. ఉపాసం ఉంటే పళ్లు, పాలు, కొబ్బరికాయ, రాత్రికి గారెలు. ఆ ధరలు సూస్తే ఇంకా బయిం.”

నిజం అదే. అన్నం మానేయడానికి అన్నం కంటే ఎక్కువ ఖర్చు పెట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. అలా కొరికే పని నాకు వచ్చింది. ఈసారి ఒక్కరే. తప్పయితే నాదే, నా పక్కన ఇంకెవరూ లేరు. చాలా ఏళ్లు భయంతోనే కొరికాను. భయం లేకుండా చేసిన పని బాగా వచ్చిందని ఎవరైనా చెబితే నేను నమ్మను.

మధ్యలో షావుకారు గారి అబ్బాయి బెంగళూరులో వ్యాపారం చదువు పూర్తి చేసుకుని వచ్చాడు. ఆ రోజు నుంచి మేం కూలీలం కాదు, టీమ్ అయ్యాం. కూలి అదే. పప్పులో తడిని అంకెల్లో చూపించే యంత్రం ఒకటి తెప్పించాడు. యంత్రం మంచిది, నేను కాదనను. నా పన్ను ఇంచుమించుగా చెప్పేదాన్ని అది కచ్చితంగా చెప్పేది. కాకపోతే ఖరీదైనది కాబట్టి పాడవకూడదని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి అబ్బాయి దగ్గర, అబ్బాయి విశాఖపట్నంలో. దసరాకి తీసి కుంకుమ పెట్టేవాళ్లం. ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు ఆ యంత్రం. బీరువాలో ఉన్నవేవీ అబద్ధం చెప్పవు.

నేను పని మానేసింది వయసు వల్ల కాదు. ముందరి పన్ను కదిలింది. కట్టుడు పళ్లు పెట్టించుకోమన్నారు. వాటితో కొరికితే పళ్ల చప్పుడు వినపడుతుంది గానీ పప్పు చప్పుడు వినపడదు. పైగా వాటి ఖర్చు నాదట. శాలువా తీసుకుని విజయనగరంలో మా అమ్మాయి లక్ష్మి ఇంటికి వచ్చేశాను.

రెండు చదువులు ఒకేసారి

హారిక లక్ష్మి కూతురు. బీకాం చదివింది. భోగాపురంలో విమానాశ్రయం వచ్చాక అటువైపు చిన్నా పెద్దా పనులు బాగా పెరిగాయి. అలాంటి పనులు చేసే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో లెక్కల సెక్షన్‌లో దీనికి ఉద్యోగం దొరికింది. శనివారం కూలీలకు చెల్లింపులు. ఎవరికెంత ఇవ్వాలో రాసే ఆ శనివారం కాగితం తయారు చేసే కుర్చీ హారికది. దాని పైన మూర్తి గారని ఆఫీసరు. ఆయన గది తలుపు మీద పేరు చిన్నది, పేరు పక్కన అక్షరాలు పొడుగు. బోర్డు సరిపోక రెండో వరుసలోకి దిగాయట.

ఆ అక్షరాలు చూసి దీనికి ఆశ పుట్టింది. విశాఖపట్నంలో ఒక సంస్థ ఉంది. వారాంతాల్లో ఎంబీఏ, దానితోపాటే లెక్కల్లో పెద్ద పరీక్షలు రాసే వృత్తి కోర్సు. రెండూ కలిపి ఒకే ఫీజు, ఒకే ఫోటో, ఒకే సంతకం. మా లక్ష్మికి బాగా నచ్చింది. ఒక చీర కొంటే జాకెట్టు ముక్క ఉచితం అన్నా దానికి అంతే నచ్చుతుంది.

ఒక ఆదివారం ముగ్గురం వెళ్లాం. కాఫీ ఊరికే ఇస్తారని చెబితే నేనూ వెళ్లాను. టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మమ్మల్ని కూర్చోబెట్టి వివరించాడు. అటు చదివిన పేపరు ఇటు మాఫీ, ఇటు చదివిన పేపరు అటు మాఫీ అన్నాడు. మా ప్రాంతంలో మాఫీ అనే మాటకు ఓట్లు పడతాయి, ఫీజులు పడవా? లక్ష్మి మొహం వెలిగిపోయింది.

“టూ ఇన్ వన్ అండి, అమ్మమ్మగారూ,” అన్నాడాయన నా వైపు తిరిగి.

“మా ఇంట్లోనూ ఉండేది బాబూ. రేడియో పాడేది కాదు, కేసెట్టూ పాడేది కాదు,” అన్నాను.

ఆయన నవ్వాడు. నవ్వడం ఆయన ఉద్యోగం. సీట్లు ఈ వారంతో సరి అన్నాడు.

చిక్కు ఎక్కడంటే, క్లాసులు శని, ఆదివారాలు. శనివారం చెల్లింపుల రోజు. హారిక వెళ్లి మూర్తి గారిని అడిగింది. చదువుకోవడం మంచిదేనమ్మా, శనివారం మాత్రం ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెడతాను అన్నాడట. కుర్చీ పోతే ఉద్యోగం ఉంటుంది గానీ ఉన్నట్టు ఉండదు. కవర్ల మీద అడ్రసులు అంటించే పని మిగులుతుంది. కోర్సా, కుర్చీయా? వారం రోజుల్లో తేల్చుకోవాలి. పిల్ల అన్నం సరిగ్గా తినడం మానేసింది. వండినది మిగలడం నాకు ఇష్టం ఉండదు, అందుకే ఆ సంగతి నాకు ముందు తెలిసింది.

మాఫీ

లక్ష్మి కోర్సు వైపు. నేను ఏ కోర్సు వైపూ కాదు. ఉన్న ఉద్యోగం చేసుకోక ఈ జంట చదువులు ఎందుకని నా వాదన. నా దగ్గర నుంచి పైసా రాదని మొదటి రోజే చెప్పేశాను. అడగకముందే చెబితే అడిగే శ్రమ వాళ్లకు తప్పుతుంది.

బుధవారం సాయంత్రం నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే హారిక వచ్చి పక్కన కూర్చుంది.

“అమ్మమ్మా, నువ్వేటంతావు?”

“నానేటి సెప్తానే. ఆ మాఫీ సంగతి సెప్పు ముందు.”

చెప్పింది. ఒక వస్తువు తయారవడానికి ఎక్కడెక్కడ ఎంత ఖర్చయిందో తేల్చే లెక్క ఒకటి ఉందట, దాని పేరు కాస్టింగు. అది ఎంబీఏలో మాఫీ, వృత్తి కోర్సు కోచింగులో చెబుతారు కాబట్టి. ఆడిటింగు అని ఇంకోటి. అది కోచింగులో మాఫీ అనుకుంటాను అంది, లేకపోతే తిరగేసి. దానికే సరిగ్గా తెలియదు. నాకు ఆ లెక్కలేవీ అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. కానీ మాఫీ అన్న ప్రతిసారీ నాకు కార్తీక సోమవారం గుర్తొచ్చింది. ఊసుపోక బంగారమ్మ గారి కథ, ప్రకాశం గారి కథ చెప్పాను. హారిక పడీ పడీ నవ్వింది. నవ్వి, ఈనెలు తీసిన కాయల్లో ఈనెలు కలిపేసి వెళ్లిపోయింది.

మర్నాడు భోజనం టైములో అది ఎంబీఏ వాళ్లకు ఫోను చేసి, కాస్టింగు ఎవరు చెబుతారని అడిగిందట. రెండు కోర్సుల పిల్లలకు మేం చెప్పం, కోచింగులో చెబుతారు అన్నారు. కోచింగు వాళ్లకు చేసింది. రెండు కోర్సుల పిల్లలకు మేం పై పాఠాలతో మొదలుపెడతాం, అది ఎంబీఏలో అయిపోయి ఉంటుంది కదా అన్నారు. టై పెద్దమనిషికి చేసింది. ఆయన కంగారు పడలేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు మేడమ్, ఇన్ని బ్యాచులు బయటికి వెళ్లాయి కదా అన్నాడు. మా షావుకారు గారి డబ్బాలూ అలాగే బయటికి వెళ్లాయి.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

“అమ్మమ్మా, ఇద్దరూ ఉపాసమే.”

నాకు లోపల ఎంత సంతోషం కలిగిందో పైకి కనపడనివ్వలేదు. “అయితే రెండూ మానీ. ఉద్యోగం ఉన్నాది కదా, సేసుకో,” అన్నాను.

అది కోర్సుల వైపు మాట్లాడుతుందనుకున్నాను. మాట్లాడలేదు. లోపలికి వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

“ఉద్యోగం ఉన్నాదమ్మమ్మా. కొరకడమే రాదు నాకు. పతీ శనివారం కాగితం రాస్తన్నాను. మూర్తి సారు సూస్తారు కదాని ఇచ్చెస్తన్నాను. ఈరోజు ఆయన్ని అడిగినాను, సార్ మీరేటి సూస్తారు అని. ‘నువ్వు చూశావు కదమ్మా’ అన్నారు.”

నేను దాని ముందు కంచం పెట్టి అన్నం వడ్డించాను.

“కూలోల డబ్బులవి. రేపు తేడా వస్తే ఎవలు కొరికినారని అడుగుతారు. నానేటి సెప్పాలి?”

ఉద్యోగం చేసుకోమన్నదాన్ని నేనే. కొరకడం రాకుండా కొరికే కుర్చీలో కూర్చోమని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఇన్నాళ్లు పొదుపు పేరుతో నేను వేసిన లెక్కలో ఈ ఖర్చు రాయనే లేదు. అలాగని ఆ మాట దానితో అనలేదు. చిక్కుడుకాయ కూర ఇంకో గరిటె వేశాను. అది తింది.

వరుస

హారిక ఎంబీఏ వదిలేసింది. లెక్కల పరీక్షలు మాత్రం రాస్తానంది. మాఫీలు వద్దంది, మొదటి పేపరు నుంచి రాస్తుందట. శనివారం కుర్చీ వదలదు. పొద్దున్నే లేచి చదువుతుంది, బస్సులో చదువుతుంది, ఆదివారం ఒక మేష్టారు దగ్గరికి వెళుతుంది. కాస్టింగు ఆయన స్వయంగా చెబుతారని ముందే అడిగి తెలుసుకుంది. ఎన్నేళ్లు పడుతుందో తెలియదు. ఆ పరీక్షలు చాలామంది తప్పుతారట. తప్పినా పర్వాలేదు అనే మనిషిని కాను నేను. తప్పితే ఫీజు మళ్లీ కట్టాలి.

ఎంబీఏ చెడ్డ చదువని ఇక్కడ ఎవరూ అర్థం చేసుకోవద్దు. నలుగురిచేత పని చేయించేవాడికి అదీ కావాలేమో. మా షావుకారు గారి అబ్బాయి కూడా ఒక మంచి పని చేశాడు, మాకు కూర్చునే పీటలు వేయించాడు. అది చదువు వల్లో, వాళ్లమ్మ చెప్పడం వల్లో తెలియదు. రెండు చదువులూ కలిపి చదివి నిలబడ్డవాళ్లు ఉన్నారని హారిక అంటుంది. ఉంటారు. ఆరీ ఆరని పప్పు పొట్టు తీస్తున్నా విరగకుండా చేసే చేతుల్ని నేను చూశాను. వేడి గది పక్కన అలాంటి చెయ్యి ఒకటి ఉండేది, మిగతా చేతులన్నీ బద్దలు చేసేవి. మీది ఏ చెయ్యో మీకు తెలియాలి. టై కట్టుకున్నాయనకు తెలియదు, ఆయనకు మీ సంతకం తెలుసు.

ఇంకో సంగతి. ఆ శనివారం హారిక కాగితం తీసుకెళ్లి మూర్తి గారి ముందు పెట్టి, సంతకానికి పెన్ను ఇవ్వలేదట. నేను చూశాను సార్, మీరు కూడా చూడండి అని అక్కడే నిలబడిందట. ఆయన సొరుగులో కళ్లజోడు కోసం వెతికారు, దొరకలేదు. ఆ పూటకి హారిక చదువుతుంటే విని సంతకం పెట్టారట. సోమవారానికి కొత్తది కొనుక్కుని వచ్చారు. పేరు పక్కన అన్ని అక్షరాలు పెట్టుకున్న మనిషి ఇన్నాళ్లూ కళ్లజోడు లేకుండా సంతకాలు పెడుతున్నాడని ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఇప్పుడు ప్రతి శనివారం చదువుతున్నారట, మధ్యలో ఇదేమిటమ్మా అని అడుగుతున్నారట. దీనికి తెలియనివి కొన్ని, ఆయనకు తెలియనివి కొన్ని బయటపడ్డాయి. ఇద్దరికీ కొంచెం భయం పట్టుకుంది. మంచిదే.

హారిక మొదటి పరీక్షకు పేరు నమోదు చేయించుకుంది. ఫీజు దాని జీతంలోంచే కట్టింది. నేను ఇవ్వనన్నాను, ఇవ్వలేదు. మాట అంటే మాటే. కాకపోతే ఆ రోజు పాయసం చేద్దామనిపించింది. మా ఇంట్లో పాయసంలో ఎప్పుడూ ముక్కలే పడతాయి. కాగినాక గుండైతే ఏమిటి, ముక్కైతే ఏమిటి? ఆ రోజు ఏమనిపించిందో, వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్లి డబ్బాలోంచి గుండ్లు తూయించి పొట్లం కట్టించుకున్నాను. జన్మలో మొదటిసారి గుండ్లు కొన్నాను.

ఇంటికొచ్చి పొట్లం విప్పి పళ్లెంలో పోశాను. నేనేమీ చెప్పలేదు. హారిక ఒక గుండు తీసుకుంది. చేతిలో తిప్పి చూసింది, ముందరి పళ్ల మధ్య పెట్టి కొరికింది. తల ఒక పక్కకు వంచి విన్నది. అలా తల వంచి వినడం నా అలవాటు, నేను దానికి నేర్పలేదు.

“పలకలేదమ్మమ్మా,” అంది.

పొట్లం మళ్లీ కట్టి ఇద్దరం కొట్టుకి వెళ్లాం. కొట్టతను నొచ్చుకున్నాడు.

“పలాస సరుకమ్మా. డీలరు సూసే పంపుతాడు.”

“మీరు సూసినారా?” అంది హారిక.

అతను ఒక గుండు తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. తర్వాత పొట్లం తక్కెడలో పెట్టి, డబ్బు వెనక్కి లెక్కపెట్టాడు. తన నోట్లోకి వెళ్లింది వదిలేశాడు, హారిక కొరికింది మాత్రం తగ్గించుకున్నాడు. బదులుగా ముక్కలు తీసుకున్నాం, కొరికి చూసే తీసుకున్నాం. పాయసం ఎప్పటిలాగే వచ్చింది.

ఆ ఒక్క గుండు ధర నేనిచ్చాను. హారిక చదువుకి ఇప్పటిదాకా నేను కట్టిన ఫీజు అంతే.